గుండెకో తాళం

ఆరు వారాల పాటు నా జడ మా ఆయన వేశారు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా, ఫ్యూజు తీగె చుట్టడం తప్ప ఆ చేతులు మరేదైనా అల్లగా నేనెన్నడూ చూడలేదు. జడ కూడా ఫ్యూజు తీగెలాగే వచ్చింది. పైన వదులు, కింద బిగుతు, చివర రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు. నేను ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బడిపిల్లలా బుద్ధిగా కూచునేదాన్ని. ఆ పక్క మోచెయ్యి భుజం కన్నా పైకి లేవకూడదని డాక్టరుగారి ఆజ్ఞ. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో కారు నడపరాదు, ఈత కొట్టరాదు, టెన్నిసు ఆడరాదు అని ఉంది. జన్మలో ఈ మూడూ ఎరగని దాన్ని. జడ సంగతి మాత్రం ఎక్కడా లేదు. రాసినవాళ్ళకి జడ ఉండి ఉండదు.

సంగతేమిటంటే, నలభై ఆరో ఏట నా గుండెకి పేస్‌మేకర్ పెట్టారు. మొదటిసారి పోపు వేస్తూ కళ్ళు తిరిగి పడినప్పుడు కార్తీక సోమవారం ఉపవాసమన్నారు. రెండోసారి పడితే, "రాత్రిళ్ళు మేలుకుని ఆ నవలలు రాస్తే పడక ఏం చేస్తుంది!" అన్నారు మా అత్తగారు. మూడోసారి అదృష్టవశాత్తూ ఆసుపత్రిలో, ఛాతీకి తీగెలు తగిలించి ఉన్నప్పుడే తెలివి తప్పింది. అప్పుడు గానీ గుట్టు బయట పడలేదు. పైగదులు కొట్టే దెబ్బ కిందిగదులకి అందడం లేదట. హార్ట్ బ్లాక్. ఈ మాట వినగానే చుట్టాలందరూ ఫోన్లు చేసి, "స్టెంట్లు ఎన్ని వేశారు?" అని అడిగారు. అది రక్తనాళాల పూడిక, ఇది కరెంటు లోపం అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

అంతకు మూడేళ్ళ ముందు నుంచి నేను బరువులు ఎత్తుతున్నాను. నవ్వకండి. కూచుని రాసి రాసి నడుం పట్టేస్తే, ఎముకల డాక్టరుగారు పరీక్షలు చేయించి, "ఎముక పలచబడుతోందమ్మా, దానికి బరువు అలవాటు చెయ్యండి" అన్నారు. మా వీధి చివర మందుల షాపు పైన ఒక జిమ్ము ఉంది. పొద్దున్న పదకొండింటికి ఆడవాళ్ళ గంట. పంజాబీ డ్రెస్సు వేసుకుని భయం భయంగా రెండు కిలోలతో మొదలుపెట్టి, మూడో ఏటికి ఇరవై అయిదు కిలోల కడ్డీ నేల మీంచి నడుం దాకా లేపాను. నా నవలకి బహుమతి వచ్చిన రోజున కూడా అంత గర్వపడలేదు.

పేస్‌మేకర్ పెట్టాక ఇంట్లో శాసనాలు వెలువడ్డాయి. నీళ్ళ బకెట్టు ఎత్తకూడదు. ఇడ్లీ పిండి గిన్నె ఎత్తకూడదు. పెట్టినాయనని నేను జిమ్ము సంగతి అడిగితే, "ఈ వయసులో మీకు బరువులెందుకమ్మా, హాయిగా నడుచుకోండి" అని నవ్వి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ నవ్వు నాకు ఆపరేషన్ కన్నా ఎక్కువ నొప్పెట్టింది. బరువులు ఎప్పుడు మొదలుపెట్టొచ్చని కదా నేనడిగింది? ఎందుకు అనలేదే!

చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూచున్న ఆ ఆరు వారాల్లో, నా ఎడం భుజం కింద అగ్గిపెట్టెలా తగులుతున్న ఈ వస్తువు ఎక్కణ్ణించి వచ్చిందో చదివాను. పాతిక ముప్ఫై గ్రాములుండే ఈ పెట్టె వెనక ఎంత కథ ఉందో!

నాకొచ్చిన మూర్ఛకి ఇద్దరు డబ్లిన్ డాక్టర్ల పేరుంది. రాబర్ట్ ఆడమ్స్ 1827లో, విలియం స్టోక్స్ 1846లో దీన్ని వర్ణించారు. నాడి మరీ నెమ్మదించి మనిషి పడిపోవడం మెదడు జబ్బు కాదు, గుండెలో ఉంది మూలం అని వాళ్ళు పసిగట్టారు. కానీ గుండెలో ఎక్కడ? దానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. 1906లో జర్మనీలో చదువుకుంటున్న సునావో తవారా అనే జపాను డాక్టరు, పైగదులకీ కిందిగదులకీ మధ్య కబురు మోసే ముడిని కనిపెట్టాడు. నాకు చెడింది సరిగ్గా ఆ దారే. అదే ఏడు వేసవిలో ఇంగ్లండులో కెంట్ పల్లెపట్టున ఆర్థర్ కీత్ అనే ఆయన భార్యతో కలిసి సైకిళ్ళ మీద చెర్రీ తోటలు చూడ్డానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఇంట్లో సూక్ష్మదర్శిని ముందు కూచున్న మార్టిన్ ఫ్లాక్ అనే విద్యార్థి సంబరంగా ఎదురొచ్చాడు. ఒక చుంచెలుక లాంటి జంతువు, మోల్ అంటారు, దాని గుండె పైగదిలో ఎవరూ చూడని చిన్న కణాల ముద్ద కనిపించిందతనికి. గుండెకి తాళం వేసే విద్వాంసుడు అదే. 1907లో లోకానికి తెలిపారు. రోజుకి లక్ష సార్లు దెబ్బ కొట్టే ఈ విద్వాంసుడికి ఎవరూ శాలువా కప్పరు. తప్పిన రోజున మాత్రం అందరం చూస్తాం.

తాళం తప్పితే బయటి నుంచి కరెంటు దెబ్బతో నిలబెట్టొచ్చన్న ఊహ చాలామందికి వచ్చింది. 1930ల మొదట్లో న్యూయార్కులో ఆల్బర్ట్ హైమన్ చేతితో తిప్పి కీ ఇచ్చే యంత్రమొకటి చేసి, దానికి ఆర్టిఫిషియల్ పేస్‌మేకర్ అని పేరు పెట్టాడు. భగవంతుడి పనిలో వేలు పెడుతున్నాడని తిట్టారు జనం. 1950లో కెనడాలో జాన్ హాప్స్ అనే ఇంజనీరు కూడా ఒకటి చేశాడు. 1952లో బోస్టనులో పాల్ జోల్ రోగి ఛాతీ మీంచే దెబ్బలు కొట్టించి ప్రాణం నిలబెట్టాడు. ప్రాణం నిలిచింది గానీ ఒళ్ళు కాలేది. నిమిషానికి అన్ని సార్లు చర్మం మీద షాకు తినడమంటే ఊహించుకోండి.

తర్వాత అమెరికాలో మినియాపొలిస్ నగరంలో వాల్టన్ లిల్లెహై అనే సర్జను పిల్లల గుండెల్లో పుట్టుకతో ఉన్న రంధ్రాలు కుట్టేవాడు. కుట్టేటప్పుడు ఒక్కోసారి కరెంటు దారి దెబ్బతినేది. అప్పుడు గుండెకి సన్న తీగె కుట్టి, దాని రెండో కొస ఛాతీలోంచి బయటికి తీసి, ఒక పెద్ద పెట్టెకి తగిలించేవాడు. ఆ పెట్టె తీగె గోడకున్న ప్లగ్గులో. పసివాడు మంచం దిగి ఎంత దూరం నడవగలడంటే, వైరు ఎంత పొడుగుంటే అంత దూరం.

1957 అక్టోబరు 31న ఆ నగరంలో కరెంటు పోయింది. మనకైతే ఇది వార్తే కాదు. కొవ్వొత్తి ఎక్కడుందో చీకట్లో తడుముకుంటాం, అంతే. కానీ ఆ వార్డులో పిల్లల గుండెలు గోడలోని కరెంటు మీద ఆడుతున్నాయి. ఆపరేషన్ గదులకి జనరేటరు ఉంది గానీ పిల్లలు పడుకున్న గదులకి లేదు. మర్నాడు లిల్లెహై, ఆసుపత్రి యంత్రాలు రిపేరు చేసే ఎర్ల్ బాకెన్‌ని పిలిచి, ఏదైనా దారి చూడమన్నాడు. బాకెన్ బావమరిదితో కలిసి ఒక గరాజులో దుకాణం పెట్టుకున్నవాడు. మొదటి నెల వాళ్ళ సంపాదన ఎనిమిది డాలర్లు. అతనికి ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో చూసిన బొమ్మ గుర్తొచ్చింది. సంగీతం నేర్చుకునేవాళ్ళ కోసం టిక్కు టిక్కు మని తాళం కొట్టే పెట్టె తయారీ అది. ఆ తాళం పెట్టెనే మార్చి, బ్యాటరీతో నడిచేలా నాలుగు వారాల్లో అరచేతిలో పట్టే డబ్బా చేశాడు. కుక్క మీద పరీక్షించడానికని ఇచ్చి వెళ్ళాడు. మర్నాడు వేరే పని మీద ఆసుపత్రికి వస్తే, ఆ డబ్బా ఒక చిన్నపిల్ల ఒంటికి తగిలించి ఉంది! ఉన్నదాన్ని వాడకుండా పిల్లని ఎలా వదిలెయ్యమంటావని సర్జను జవాబు. నాకు ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక అసలు కథ. ఇది స్వీడనులో జరిగింది. పుస్తకాల్లో దీన్ని ఇద్దరు మగవాళ్ళ విజయంగా రాస్తారు. ఆవిడకి ఒక్క వాక్యం దక్కుతుంది. నాకు ఆ ఒక్క వాక్యమే కథంతా అనిపిస్తుంది.

ఆర్నె లార్సన్ అనే ఇంజనీరుకి 43 ఏళ్ళు. ఏదో జ్వరం లాంటి జబ్బు చేసి, అది గుండెలోని కరెంటు దారిని పాడుచేసింది. రోజుకి ఇరవై ముప్ఫై సార్లు తెలివి తప్పేది. నేను మూడుసార్లు పడితేనే ఇల్లంతా తలకిందులైందే, రోజుకి ముప్ఫై సార్లంటే ఏమిటో ఆ ఇల్లాలికే తెలియాలి. ఆర్నెల్లుగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. డాక్టర్లు ఆశ వదులుకున్నారు. భార్య ఎల్సె మరీ వదులుకోలేదు. స్టాక్‌హోమ్ దగ్గర కరోలిన్స్‌కా ఆసుపత్రిలో ఓకె సెనింగ్ అనే సర్జను, రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు కలిసి జంతువుల మీద ఇలాంటి ప్రయోగాలు చేస్తున్నారని తెలిసింది. వెళ్ళి అడిగింది. మనిషికి పెట్టే పరికరమేదీ మా దగ్గర లేదన్నారు. లేకపోతే తయారుచెయ్యండి అన్నదట.

మనవాళ్ళయితే వెంటనే సావిత్రితో పోలుస్తారు. సావిత్రి యముడి వెంట అడవిలో నడిచింది. ఈవిడ కారు వేసుకుని ఇంజనీరు ప్రయోగశాల నుంచి సర్జను ఆసుపత్రికీ, అక్కణ్ణించి మళ్ళీ ప్రయోగశాలకీ ఒక్కరోజులోనే ఎన్నోసార్లు తిరిగింది. ఒకాయన కాదంటే రెండో ఆయన దగ్గరికి. పతిభక్తి అని తేల్చెయ్యడం నాకిష్టం లేదు. ఇద్దరు పెద్దమనుషులు 'ఇంకా సిద్ధంగా లేదు' అంటూంటే, ఎప్పటికి సిద్ధమవుతుందని నిలదీసిన గట్టి బుర్ర అది. చివరికి వాళ్ళే దిగొచ్చారు.

ఎల్మ్‌క్విస్ట్ హడావిడిగా రెండు పరికరాలు చేశాడు. రెండు ట్రాన్సిస్టర్లు, చిన్న బ్యాటరీ, పైనంతా రెసిన్ పోత. పోత పోయడానికి అచ్చు కావాలి కదా, బూటు పాలిష్ డబ్బా వాడాడు! సుమారు అయిదున్నర సెంటీమీటర్ల వెడల్పు. బ్యాటరీ అయిపోతే ఒంటి పైనుంచే చార్జి చేసుకునే ఏర్పాటు. 1958 అక్టోబరు 8న సెనింగ్ లార్సన్ ఛాతీ తెరిచి, గుండెకి తీగెలు కుట్టి, ఆ డబ్బాని పొట్ట చర్మం కింద పెట్టాడు. మనిషి ఒంట్లో పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్ అది. కొద్ది గంటలు పనిచేసి ఆగిపోయింది. రెండోది పెట్టారు. అదీ ఎన్నాళ్ళో నిలవలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? లార్సన్ బతికాడు. కొన్నాళ్ళు ఏ పరికరమూ లేకుండా నెట్టుకొచ్చి, 1960ల మొదట్లో మళ్ళీ పెట్టించుకున్నాడు. మొత్తం మీద జీవితంలో ఇరవై ఆరు మార్చారు. ఉద్యోగం చేశాడు, దేశాలు తిరిగాడు. ఆయనకి పరికరం చేసిన ఎల్మ్‌క్విస్ట్ 1996లో పోయాడు, ఆపరేషన్ చేసిన సెనింగ్ 2000లో పోయాడు. లార్సన్ 2001లో, 86వ ఏట, చర్మానికి వచ్చిన కాన్సరుతో పోయాడు. ఆపరేషన్ నాటికి 43 ఏళ్ళు, ఆ తర్వాత మరో 43 ఏళ్ళు. ఆ రెండో సగమంతా భార్య వాదించి సంపాదించిందే.

ఇంకో ఇల్లాలి సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో బఫలో ఊళ్ళో విల్సన్ గ్రేట్‌బాచ్ అనే ఇంజనీరు, గుండె చప్పుడు రికార్డు చేసే యంత్రం చేస్తూ పొరపాటున వేరే విలువ గల రెసిస్టరు తగిలించాడు. పెట్టె క్షణంలో చిన్న దెబ్బ కొట్టి, ఒక సెకను ఆగి, మళ్ళీ కొట్టింది. అచ్చం గుండె! ఉన్న రెండు వేల డాలర్ల పొదుపూ తీసి, పెరట్లో కూరగాయలు పండించుకుంటూ, కొట్టంలో కూచుని యాభై పరికరాలు చేశాడు. వాటిలో పది మనుషులకి వెళ్ళాయి. 1960లో చార్డాక్ అనే సర్జను వాటిని అమర్చడం మొదలుపెట్టాడు. భార్య ఎలినార్ పడకగదిలో చిన్న పొయ్యి పెట్టుకుని, ఒక్కొక్క ట్రాన్సిస్టరునీ పెన్సిల్‌తో తట్టి, గట్టిదేదో డొల్లదేదో తేల్చేది. మనం బజారులో కొబ్బరికాయ వేలితో మోగించి చూడమూ, అలా అన్నమాట.

బ్యాటరీల కష్టం ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచింది. మొదటివి రెండేళ్ళలో అయిపోయేవి. 1970లో పారిస్‌లో ప్లుటోనియంతో నడిచేది కూడా పెట్టారు. గుండెలో అణువిద్యుత్కేంద్రం! గ్రేట్‌బాచ్ పట్టుబట్టి లిథియం బ్యాటరీ తెచ్చాక, 1972 నుంచి ఆ బాధ తగ్గింది. నాది పదేళ్ళ దాకా ఫరవాలేదన్నారు. అన్నట్టు, కెనడా హాప్స్‌కీ, గరాజు బాకెన్‌కీ ముసలితనంలో పేస్‌మేకర్లు పెట్టారు. వండినవాళ్ళు వాళ్ళ వంట వాళ్ళే తిన్నారు.

సరే, ప్రాణం నిలబడింది. నిలబడిన ప్రాణంతో ఏం చెయ్యొచ్చు? దీని చరిత్ర వేరు. గుండె జబ్బు అంటే మంచం అని వైద్యులు చాలాకాలం నమ్మారు. గుండెపోటు వచ్చినవాణ్ణి ఆరు వారాలు కదలనిచ్చేవారు కాదు. బోస్టనులో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనే ఇద్దరు 1952లో ఎనభై ఒక్క మంది రోగుల్ని మంచం మీంచి లేపి కుర్చీలో కూచోబెట్టిన సంగతి ప్రకటించారు. కుర్చీలో కూచోబెట్టడమే అంత విప్లవం! తర్వాత నడక వచ్చింది, సైకిలు వచ్చింది. బరువులు మాత్రం గుమ్మం బయటే నిలబడ్డాయి. మితంగా, పద్ధతిగా ఎత్తితే గుండె జబ్బున్న చాలామందికి మంచిదేనని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2000లో ఒక ప్రకటన చేసింది.

అదే 2000 సెప్టెంబరులో సిడ్నీలో ఏం జరిగిందో గుర్తుందా? మగవాళ్ళ బరువులు ఒలింపిక్స్‌లోకి 1896లోనే వచ్చాయి. ఆడవాళ్ళకి నూట నాలుగేళ్ళ తర్వాత తలుపు తీశారు. తీసిన మొదటిసారే శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం పట్టుకొచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆవిడే. కోడి రామ్మూర్తి నాయుడి వీరఘట్టం కూడా ఆ ప్రాంతమే. అక్కడి నీళ్ళలో ఏముందో మరి.

ఆ మాటకొస్తే ఆడవాళ్ళు బరువులెత్తడం ఎప్పుడు మానారు? మా అత్తగారు కొత్తకోడలిగా చంకన ఒక బిందె, నెత్తిన ఒక బిందె పెట్టుకుని చెరువు గట్టెక్కినావిడ. రుబ్బురోలు ఒక్క చేత్తో జరిపినావిడ. నిండు గ్యాసు సిలిండరు దగ్గర దగ్గర ముప్ఫై కిలోలు. మగవాళ్ళు ఆఫీసుకి వెళ్ళాక అది వస్తే వంటింట్లోకి దొర్లించేదెవరు? ఇంటి కోసం ఎత్తితే పని, మన ఒంటి కోసం ఎత్తితే చోద్యం. అత్తగారితో ఈ మాటే అంటే ఆవిడ కాసేపు ఊరుకుని, "అప్పుడు మాకు గుండెలో డబ్బాలు లేవుగా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మూడో నెలలో పేస్‌మేకర్ పరీక్షకి వెళ్ళినప్పుడు వేరే డాక్టరు, ఒకావిడ, ఉన్నారు. నా ప్రశ్న మళ్ళీ అడిగాను. ఆవిడ నవ్వలేదు. కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. తీగె గుండెలో అతుక్కోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ లోపల చెయ్యి గట్టిగా చాపితే ఊడొచ్చు. అలాగని అసలు కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది. కాలర్ బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య ఇరుకుంది. తీగె ఆ ఇరుకులోంచి వెళ్తే, ఏళ్ళ తరబడి పెద్ద బరువులు నెత్తి మీదికి ఎత్తేవాళ్ళకి అది నలిగి తెగే ప్రమాదం ఉంది. నా తీగె ఎటు వెళ్ళిందో ఎక్స్‌రేలో చూశారు. కాస్త పక్కగా వెళ్ళింది, మేలే అన్నారు.

నాకు ఇంకో సందేహం. బరువెత్తినప్పుడు గుండె వేగం పెరగాలి కదా, పెట్టెకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పాతకాలపు పెట్టెలకి తెలియదట. నిద్రపోయినా మెట్లెక్కినా ఒకటే లెక్క. 1980ల్లో ఒంటి కదలికని పసిగట్టి వేగం పెంచేవి వచ్చాయి. వాటికీ ఒక చిక్కుంది. గతుకుల రోడ్డు మీద బస్సెక్కితే మనిషి పరిగెడుతున్నాడనుకుంటాయి. కదలకుండా నిలబడి బరువెత్తితే విశ్రాంతి అనుకుంటాయి! నా విషయంలో ఆ బాధ లేదు. పైగదిలో తాళం వేసే విద్వాంసుడు క్షేమంగా ఉన్నాడు. ఆయన కొట్టిన దెబ్బని కిందికి చేరవెయ్యడమే నా పెట్టె పని.

ఆవిడ షరతులు పెట్టారు. ఊపిరి బిగబట్టకూడదు. కడ్డీ ఆ చోట ఆనకూడదు. కిలోతో మొదలుపెట్టాలి. భుజాన హ్యాండ్‌బ్యాగు కుడివైపుకి మార్చుకోమన్నారు, పైట పిన్ను మచ్చకి దూరంగా పెట్టుకోమన్నారు. అవును, మనకి పైట కూడా ఎడం భుజం మీదే కదా! జడ ఉన్న డాక్టరు.

జిమ్ములో అమ్మాయి నన్ను గాజుబొమ్మలా చూసింది. కిలో డంబెల్ అందిస్తూ రెండు చేతులూ కింద పట్టుకుంది, నేను పారేస్తే తను పట్టడానికి. పది సార్లు ఎత్తేసరికి ఎడం భుజం వణికింది. ఇరవై అయిదు కిలోల దాన్ని కిలోకి వచ్చానే అని ఆ రోజు బాత్‌రూములో కాసేపు ఏడ్చాను కూడా. ఎవరికీ చెప్పకండి. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. పద్దెనిమిది దాకా వచ్చాను.

మొన్న ఆదివారం అటక మీంచి ఆవకాయ జాడీ దించాలి. మా ఆయన ఊళ్ళో లేరు. స్టూలు తెచ్చుకుని నేనే ఎక్కాను. అత్తగారు "వద్దే, వద్దే" అంటూనే వచ్చి స్టూలు కాళ్ళు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. జాడీ దించి గట్టు మీద పెట్టాక, ఆవిడ మూత తీసి చూసి, "నూనె తక్కువైంది" అన్నారు.